పొట్ట తగ్గాలంటే ముందు టేపు, తర్వాతే టెస్టోస్టిరాన్: 45 దాటిన మగవాళ్లు ఏం చేయాలి, ఎలా చేయాలి

శ్రీకాకుళంలో ఒక చిన్న ల్యాబులో 26 ఏళ్లుగా రక్తం తీస్తున్నాను. ఈ నాలుగైదేళ్లలో కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక మార్పు చూస్తున్నాను. 48, 52, 57 ఏళ్ల మగవాళ్లు, సాయంత్రం డ్యూటీ దిగాక, దారిలో టీ తాగి నాలుగు పుణుగులు తిని వస్తారు. పక్కన ఎవరూ లేనప్పుడు చూసి, గొంతు తగ్గించి అడుగుతారు: "బావూ, ఆ టెస్టోస్టిరాన్ పరీక్ష మీ దగ్గర సేస్తారేటి?" పొట్ట దగ్గర చొక్కా గుండీలు బిగుసుకుని ఉంటాయి. వయసుతో మగ హార్మోను పడిపోయింది కాబట్టే పొట్ట కరగడం లేదని, ఇంజెక్షన్ వేయించుకుంటే పోతుందని ఎవరో చెప్పి ఉంటారు, లేదా ఫోన్లో చూసి ఉంటారు.

నేనూ ఆ దారిలోనే వెళ్లబోయాను. 52 ఏళ్లప్పుడు నా నడుము 40 అంగుళాలు. ఒక సాయంత్రం మా ల్యాబు కుర్రాడి చేత రక్తం తీయించుకుని పరీక్ష పెడితే టెస్టోస్టిరాన్ 284 వచ్చింది (డెసిలీటరుకి నానోగ్రాముల లెక్క; 300 కంటే తక్కువైతే లోటేమోనని అనుమానిస్తారు). ఆ కాగితం పట్టుకుని ఒక చోటికి వెళ్లాను. అక్కడివాళ్లు షుగర్ అడగలేదు, నిద్ర గురించి అడగలేదు, పొట్ట మీద చెయ్యి కూడా వేయలేదు. రేపటి నుంచే ఇంజెక్షన్లు మొదలుపెడదామన్నారు. ఆ టెన్షన్‌కి రెండు రాత్రులు సరిగ్గా పడుకోలేదు. తర్వాత తేరుకుని, ఒక ఉదయం ఏమీ తినకుండా మళ్లీ చేయించుకున్నాను. 351. వారం ఆగి ఇంకోసారి. 362. మనిషి అదే, మిషను అదే. మారింది వేళ, ఖాళీ కడుపు.

అందుకే ఈ పని ఏ వరసలో చేయాలో రాస్తున్నాను. వరస తప్పితే డబ్బు పోతుంది, కొన్నిసార్లు ఆరోగ్యమూ పోతుంది.

ముందు నడుము కొలవండి

మొలతాడు కట్టుకునే అలవాటున్న వాళ్లకి పొట్ట సంగతి అందరికంటే ముందు తెలుస్తుంది. పాతది బిగుసుకుని ఒంటి మీద గీత పడితే తెంపి కొత్తది కొంచెం వదులుగా కట్టుకుంటాం, అంతటితో మరిచిపోతాం. గత పదేళ్లలో ఎన్నిసార్లు అలా వదులు చేశారో గుర్తు తెచ్చుకోండి.

ప్యాంటు సైజుని నమ్మకండి. పొట్ట పెరిగిన కొద్దీ ప్యాంటు కిందికి జారి, పొట్ట కింద నిలబడుతుంది. అందుకే 36 ప్యాంటు వేసుకునే మనిషి అసలు నడుము 40 ఉంటుంది. దర్జీ వాడే మెత్తని టేపు కొనుక్కోండి. పొద్దున్నే, దొడ్డికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, చొక్కా తీసి నిలబడండి. పక్కటెముకల్లో అన్నిటికంటే కింది దాన్ని వేలితో తడిమి పట్టుకోండి. తుంటి ఎముక పైఅంచుని పట్టుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. చాలామందికి అది ఇంచుమించు బొడ్డు ఎత్తులో వస్తుంది. ఊపిరి మామూలుగా వదిలి, పొట్ట లోపలికి లాగకుండా చదవండి. టేపు వెనకవైపు కిందికి జారిపోకుండా ఇంట్లో ఎవరినైనా చూడమనండి.

మన దేశపు మగవాళ్లకి హద్దు 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాల మీద అర అంగుళం లోపే. తెల్లవాళ్లకి పెట్టిన 102 సెంటీమీటర్ల లెక్క మనకి పనికిరాదు. వాళ్లకంటే తక్కువ బరువులోనే మన వాళ్లకి షుగరూ గుండె జబ్బూ వస్తున్నాయి. ఇంకో తేలిక లెక్క, నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి 33 అంగుళాలు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ జబ్బు మీద చేసిన, 2023లో వెలువడిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 39.5 శాతం మందికి పొట్ట దగ్గర ఊబకాయం ఉంది. కాబట్టి టేపు 39 చూపించిందని సిగ్గుపడాల్సిన పనిలేదు. పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. రెండు వారాలకోసారి కొలిస్తే చాలు. రోజూ కొలిస్తే మనసు పాడవుతుంది.

తర్వాత పొట్టని రెండు వేళ్లతో పట్టి చూడండి. మెత్తగా మడత పడి చేతికి వస్తే అది చర్మం కింద కొవ్వు. మడత పెద్దగా పడకుండా డప్పులా గట్టిగా, ముందుకు పొడుచుకుని ఉంటే లోపల పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఎక్కువని అర్థం. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ఉన్న మగవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. హాని ఎక్కువ చేసేదీ అదే. దీనిలో ఒక మంచి విషయం కూడా ఉంది. బరువు తగ్గడం మొదలైతే ఈ లోపలి కొవ్వు బాగానే కదులుతుంది.

లోపల జరిగేది ఇదీ

ఇది తెలిస్తేనే మిగతా పనులు ఎందుకో అర్థమవుతాయి, కాబట్టి ఓపిగ్గా చదవండి.

పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తం చాలావరకు నేరుగా కాలేయానికే వెళ్తుంది. దానితో పాటు కొవ్వూ వెళ్లి కాలేయంలో చేరుతుంది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని రాసేది దాన్నే. కొవ్వు పట్టిన కాలేయం, షుగర్ని అదుపు చేసే ఇన్సులిన్ మాట వినదు. మాట వినడం లేదని ప్యాంక్రియాస్ (క్లోమం) ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ ఒళ్లు కొవ్వుని దాచుకుంటుందే గానీ కరగనివ్వదు. "తక్కువే తింటున్నాను బావూ, అయినా తగ్గదు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఇక మగ హార్మోను. వయసుతో టెస్టోస్టిరాన్ తగ్గే మాట నిజమే. నలభై దగ్గర నుంచి ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున నెమ్మదిగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ తగ్గుదల పెద్దగా తెలియదు. కానీ కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. కొవ్వు పెరిగిన కొద్దీ ఆ మార్పిడి పెరుగుతుంది. మెదడు ఆ ఈస్ట్రోజన్ని చూసి, హార్మోను సరిపడా ఉందనుకుని వృషణాలకి పంపే సంకేతాన్ని తగ్గిస్తుంది. దీనికి తోడు, రక్తంలో టెస్టోస్టిరాన్‌ని మోసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీను కూడా ఇన్సులిన్ ఎక్కువైతే తగ్గుతుంది. అందుకే రిపోర్టులో మొత్తం అంకె ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

అంటే హార్మోను తగ్గి పొట్ట వచ్చిందనుకుంటాం గానీ, ఎక్కువమందిలో పొట్టే హార్మోన్ని కిందికి లాగుతోంది. హార్మోను తగ్గితే కండ తగ్గుతుంది, కండ తగ్గితే పొట్ట ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులా తిరిగే ఈ చక్రాన్ని పొట్ట వైపు నుంచి ఆపడమే మన చేతిలో ఉన్న పని. బరువు తగ్గిన మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తనంతట తాను పెరుగుతుందని పరిశోధనల్లో పదే పదే తేలింది.

పరీక్షలు: ఏవి ముందు, ఏ వేళకి

ఇది నా వృత్తి, కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. ముందు చేయించుకోవలసినవి ఇవి: పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), ఎస్‌జీపీటీ (కాలేయానికి), క్రియాటినిన్ (కిడ్నీలకి), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), మూత్ర పరీక్ష, దీనితో పాటు బీపీ. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడి ఉందని, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే లోపలికి వచ్చేసిందని లెక్క. ట్రైగ్లిజరైడ్స్ 150 దాటి, మంచి కొలెస్ట్రాల్ 40 కంటే తక్కువ ఉంటే, స్కానింగ్ లేకుండానే లోపలి కొవ్వు పని చేస్తోందని అనుమానించవచ్చు. టీఎస్‌హెచ్ ఎందుకంటే థైరాయిడ్ మందగించినా నీరసం, బరువు, కోరిక తగ్గడం అన్నీ వస్తాయి. థైరాయిడ్ ఆడవాళ్ల జబ్బు అనుకుని మగవాళ్లు చేయించుకోవడం మానేస్తారు. అది పొరపాటు.

క్రియాటినిన్ మాత్రం మన జిల్లా వాళ్లు వదలనే కూడదు. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్లయితే ప్రొటీను పెంచే ముందు, జిమ్ పొడి డబ్బా ముట్టుకునే ముందు, ఏ చూర్ణమైనా వాడే ముందు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను చూపించుకోండి. తేడా ఉంటే కింద నేను చెప్పబోయే తిండి లెక్క మీకు వర్తించదు. కిడ్నీ డాక్టరు చెప్పిందే మీకు లెక్క. వ్యాయామం మొదలుపెట్టాక మోకాళ్లు నొప్పి పుడితే మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగడం కూడా అంతే ప్రమాదం.

టెస్టోస్టిరాన్ పరీక్ష అందరికీ అక్కర్లేదు. కోరిక బాగా తగ్గిపోవడం, తెల్లవారుజామున రావలసిన అంగస్తంభన నెలల తరబడి రాకపోవడం, గడ్డం పెరుగుదల తగ్గడం, కారణం లేని నీరసం, ఇలాంటివి ఉంటే చేయించుకోండి. చేయించుకుంటే మాత్రం సరిగ్గా చేయించుకోండి.

ఉదయం 7 నుంచి 10 మధ్య, పరగడుపున రండి. ఈ హార్మోను తెల్లవారినప్పుడు ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. తిన్న తర్వాత ఇంకొంచెం తగ్గుతుంది. రాత్రి డ్యూటీ చేసి నేరుగా ల్యాబుకి రాకండి. డ్యూటీ లేని రోజుల్లో బాగా పడుకుని లేచాక ఒకటి రెండు గంటల్లో ఇవ్వండి. జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషను అయిన కొత్తల్లో వద్దు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే మాకు చెప్పండి. కొన్ని మిషన్ల మీద అవి అంకెని తప్పు చూపిస్తాయి. ఒకసారి తక్కువ వస్తే అది తీర్పు కాదు, ఇంకో ఉదయం మళ్లీ చేయాలి. రెండుసార్లూ 300 కంటే తక్కువ వచ్చి, లక్షణాలు కూడా ఉంటేనే డాక్టర్లు దాన్ని లోటుగా ఆలోచిస్తారు. బొజ్జ ఉన్నవాళ్లకి మొత్తం అంకె తక్కువ వస్తే ఎస్‌హెచ్‌బీజీ, ఫ్రీ టెస్టోస్టిరాన్ (ప్రొటీనుకి అంటుకోకుండా విడిగా ఉన్న హార్మోను) కూడా చూడమని అడగండి. మెదడు నుంచి వచ్చే సంకేతం ఎలా ఉందో తెలియడానికి ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు రాస్తారు.

రిపోర్టు చదివేటప్పుడు అంకె పక్కన ఉన్న కొలమానం చూడండి. ఆమదాలవలస నుంచి ఒక పెద్దాయన ఏడుపు మొహంతో వచ్చారు. "మా తమ్ముడికి 410 అట, నాకు 3.8 అట, నా పని అయిపోయింది బావూ" అన్నారు. ఆయన కాగితం మీద ఉన్నది ఒక మిల్లీలీటరుకి నానోగ్రాముల లెక్క, తమ్ముడిది డెసిలీటరుకి. డెసిలీటరు అంటే 100 మిల్లీలీటర్లు. ఆయన 3.8ని నూరుతో గుణిస్తే 380. పెన్ను తీసి కాగితం మీదే గుణించి చూపించాను. రెండుసార్లు తానే మళ్లీ గుణించుకుని, అప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

కంచంలో మార్పు

మన కంచంలో అన్నం కొండలా ఉంటుంది, పప్పు దాని మీద చెరువులా, కూర అంచున. ఈ కొలతలు మార్చాలి. అన్నం మానేయమని నేను చెప్పను. మానేసిన వాళ్లు మూడో వారానికి రెట్టింపు తింటారు, కళ్లారా చూశాను.

ఒక చిన్న కప్పు పెట్టుకోండి. 150 గ్రాముల వండిన అన్నం పట్టేది. అందులో సుమారు 200 కేలరీలు ఉంటాయి. ఇప్పుడు మీరు పూటకి ఎన్ని కప్పులు తింటున్నారో మూడు రోజులు కొలిచి చూడండి. మా ఇంట్లో కొలిస్తే నాది పూటకి మూడున్నర వచ్చింది. దాన్ని నెలలో రెండుకి దించండి, మెల్లగా. ఖాళీ అయిన చోటుని కూరతో, ప్రొటీనుతో నింపండి. ఖాళీగా వదిలేస్తే సాయంత్రం పుణుగుల బండి దగ్గర తేలతారు.

ప్రొటీను మనకి చాలా తక్కువ. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు కనీసం. వయసు మీద పడిన వాళ్లకి కిలోకి 1 గ్రాము దాకా ఉంటే కండ నిలబడుతుంది. గుడ్డులో 6 గ్రాములు. 100 గ్రాముల చేపలో సుమారు 20. వండని ఉలవల్లో, కందిపప్పులో 100 గ్రాములకి 20 పైచిలుకు. సముద్రం పక్కనున్న జిల్లా మనది. కానాగంతలూ నెత్తళ్లూ ఖరీదైన చేపలకి ఏమాత్రం తీసిపోవు. వేపుడు కాకుండా పులుసు పెట్టించుకోండి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది. చేపలు తినని వాళ్లకి ఉలవలు, పెసలు, బొబ్బర్లు, పెరుగు ఉన్నాయి. ఉలవచారు తేటలో పెద్దగా ప్రొటీను ఉండదు, ఉడికిన ఉలవలు తినాలి. మా ఇంట్లో ఆ ఉడికిన గింజలకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపు పెట్టి సాయంత్రం టీ వేళకి ఒక కప్పు ఇస్తారు. పుణుగులు మానగలిగింది దానివల్లే.

చోడి (రాగి) అంబలి గురించి ఒక మాట. మన పెద్దవాళ్లు తాగారు, మంచిదే, పీచు ఉంది, కాల్షియం ఉంది. కానీ వాళ్లు తాగి నాగలి పట్టుకుని వెళ్లారు. మనం రెండు గ్లాసులు తాగి, ఆ తర్వాత ఇడ్లీ కూడా తిని, బండి ఎక్కి ఆఫీసుకి వెళ్తున్నాం. చోడి కూడా ధాన్యమే. అంబలి తాగితే ఇడ్లీ మానాలి. బెల్లం వేసిన చోడి జావ అయితే షుగర్ ఉన్నవాళ్లకి వద్దే వద్దు.

టీ లెక్క వేసుకోండి. రోజుకి 5 టీలు, ఒక్కోదానిలో 2 చెంచాల పంచదార అంటే 50 గ్రాములు, 200 కేలరీలు. నెలలో సగానికి, ఇంకో నెలలో పావుకి దించితే నాలుక అలవాటు పడుతుంది. నూనె మనిషికి నెలకి అర లీటరు మించకూడదు. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. నెల మొదట్లోనే కొలిచి విడిగా పోసి పెట్టమని ఇంట్లో చెప్పండి, అయిపోతే అయిపోయిందని. పలాస జీడిపప్పు మన గర్వమే గానీ 100 గ్రాములు 550 కేలరీలు దాటుతుంది. పది పన్నెండు పలుకులు తిని డబ్బా మూత పెట్టండి.

రాత్రి భోజనం 8 లోపు ముగించండి. మా చిన్నప్పుడు ఊళ్లో దీపాల వేళ దాటాక వంటిల్లు కడిగేసేవారు. ఇప్పుడు 10 గంటలకి టీవీ ముందు తింటున్నాం. తిన్న వెంటనే పడుకుంటే నిద్రా చెడుతుంది, పొద్దుటి షుగరూ పెరుగుతుంది.

నడక ఒక్కటే చాలదు

శ్రీకాకుళంలో ఆర్ట్స్ కాలేజీ మైదానంలో, విజయనగరంలో అయోధ్య మైదానంలో పొద్దున్నే నడిచేవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది. నడవండి, వారానికి 150 నిమిషాలు తగ్గకుండా. మాట్లాడగలిగేలా, కానీ పాట పాడలేనంత వేగంగా. అలాగే భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు వీధిలో నడిస్తే తిన్నదాని షుగర్ కండల్లోకి పోతుంది. నేనైతే ఒక్క పొద్దుటి నడక కంటే ఈ భోజనం తర్వాతి నడకలకే ఎక్కువ విలువ ఇస్తాను.

కానీ నడక వల్ల కండ పెరగదు. వయసుతో ఏటా పోయే కండని నిలబెట్టేది బరువు పనే. షుగర్ని ఎక్కువగా వాడుకునేది కండే కాబట్టి, కండ ఉన్నవాడికి ఇన్సులిన్ తక్కువ సరిపోతుంది. పొట్ట మీద ఎన్ని వ్యాయామాలు చేసినా పొట్ట దగ్గరి కొవ్వు మాత్రమే ప్రత్యేకంగా కరగదు. తొడలు, పిరుదులు, వీపు, ఛాతీ లాంటి పెద్ద కండలకి పని పెట్టాలి.

బరువు ఎత్తడం మన మట్టికి కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామం నేర్పిన మనిషి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఈనాటికీ ఆడపిల్లలు బరువులు ఎత్తుతున్నారు. మనకి అంత అక్కర్లేదు, ఇంట్లో కుర్చీ, గోడ, రెండు సంచులు చాలు.

వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయండి. గట్టి కుర్చీ గోడకి ఆనించి పెట్టండి. అంచున కూర్చుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి నిలబడండి. మళ్లీ మెల్లగా, మూడు లెక్కపెడుతూ కూర్చోండి. దబ్బున కూలబడితే లాభం సగం పోతుంది. పదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, ఇంకో పది. మోకాళ్లు నొప్పి పెడితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. తర్వాత గోడకి రెండు అడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి దండీలు తీసినట్టు వంగి లేవండి, రెండు విడతలు. ఆఖరున చెరో చేతిలో 5 కిలోల బియ్యం సంచి పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, పెరట్లో 40 అడుగులు నడవండి. మొత్తం 20 నిమిషాల పని.

పదిహేనుసార్లు తేలిగ్గా అయిపోతుంటే ఒక మెట్టు పెంచండి. కుర్చీ బదులు పీట ఎత్తు, గోడ బదులు బల్ల అంచు, 5 కిలోల బదులు 8. బస్కీలు తీయగలిగే రోజు కూడా వస్తుంది. బరువు లేపేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా లేస్తుంది. గుండె జబ్బు, గిలక (హెర్నియా), అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా బరువులు ముట్టుకోవద్దు.

నిద్ర, గురక

విజయనగరంలో మా బావ జూట్ మిల్లులో రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. మెడ లావు, పొట్ట 42. అక్క ఒకరోజు ఫోన్ చేసి, "గురక పెట్టి పెట్టి ఒక్కసారి ఊపిరాగిపోతాదిరా మీ బావకి, నేను లేచి కూకుంటాను" అంది. అది మామూలు గురక కాదు, స్లీప్ ఆప్నియా. రాత్రి నిద్ర పరీక్ష చేస్తే తేలింది. ముక్కుకి పెట్టే మిషను ఇచ్చారు. నెల తిరిగేసరికి పగటి కునుకులు పోయాయి, నడకకి ఓపిక వచ్చింది, ఆ తర్వాతే పొట్ట తగ్గడం మొదలైంది.

టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారయ్యేది నిద్రలోనే. 2011లో షికాగో యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని వారం పైన రాత్రికి 5 గంటలే పడుకోనిస్తే, వాళ్ల పగటి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. కుర్రాళ్లకే అలాగైతే మన సంగతి ఆలోచించండి. నిద్ర తక్కువైతే మర్నాడు తీపి మీదకి, వేపుడు మీదకి మనసు లాగుతుంది కూడా. 7 గంటలు పడుకోండి. మీ గురక సంగతి మీకు తెలియదు, మీ ఆవిడని అడగండి, ఆమె చెప్పింది నమ్మండి.

మందు గురించి తగ్గించి చెప్పను. ఒక క్వార్టర్‌లో 400 పైన కేలరీలు, అంటే రెండు కప్పుల అన్నం, దాని పక్కన నంజుకునేవి వేరే. ఒళ్లు ముందు ఆ మందుని కాల్చుకుంటుంది, కొవ్వు అలాగే ఉండిపోతుంది. కాలేయం, నిద్ర, హార్మోను మూడూ దెబ్బతింటాయి. ఫ్యాటీ లివర్ అని రాసిన వాళ్లు పూర్తిగా ఆపేయండి. రోజూ తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టరు సాయంతో ఆపండి.

ఇంజెక్షన్ ఎవరికి

నిజంగా లోటు ఉన్నవాళ్లకి అది మంచి వైద్యమే. వృషణాలకి దెబ్బ తగిలినవాళ్లు, పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఉన్నవాళ్లు, పుట్టుకతో లోటున్నవాళ్లు దానివల్ల బాగుపడతారు. కానీ అది పొట్ట కరిగించే మందు కాదు. బయటి నుంచి హార్మోను ఇస్తే వృషణాలు తమ పని మానేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు వేయించుకోకూడదు. రక్తం చిక్కబడుతుంది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) 54 శాతం దాటితే ఆపాలి. వైద్యం చేయని స్లీప్ ఆప్నియా ఇంకా ముదరవచ్చు. ప్రోస్టేట్ సంగతి పీఎస్‌ఏ అనే రక్త పరీక్షతో ముందు చూడాలి, తర్వాతా చూస్తుండాలి. ఈ పరీక్షలేవీ రాయకుండా ఇంజెక్షన్ రాసిన చోట వేయించుకోకండి. ఎండోక్రినాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టర్ని కలవండి.

మన ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. మోకాలి నొప్పికి, ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు వాడినవాళ్లకి పొట్ట, మొహం లావై చేతులూ కాళ్లూ సన్నబడతాయి. పొట్ట మీద ఊదారంగు చారలు వస్తాయి. వేసే మందు పేరు అడిగి రాయించుకోండి. స్టెరాయిడ్ అని తెలిసినా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది.

పొట్ట నెలలోపే గబగబా పెరిగినా, కాళ్లవాపు, కళ్లు పచ్చబడటం ఉన్నా అది కొవ్వు కాకపోవచ్చు, నీరు కావచ్చు. ఒళ్లంతా చిక్కిపోయి పొట్ట ఒక్కటే పెరిగినా, ఒక వైపు రొమ్ములో గడ్డ తగిలినా, తలనొప్పితో పాటు చూపు పక్కలకి ఆనకపోయినా ఆ వారంలోనే డాక్టర్ని కలవండి.

ఇవేవీ లేని మామూలు పొట్ట అయితే వారానికి అర కిలో బరువు తగ్గడం సరైన వేగం. కిలో తగ్గితే నడుము సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. ఆరో వారం నుంచి పదో వారం మధ్య ఎక్కడో కాటా కదలడం మానేస్తుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. అప్పుడు అన్నం కప్పు మళ్లీ మూడు రోజులు కొలవండి, సంచి బరువు పెంచండి. కాటా ఆగినా టేపు తగ్గుతూ ఉండవచ్చు, కండ పెరుగుతున్నప్పుడు అలాగే జరుగుతుంది. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్స్, ఎస్‌జీపీటీ మళ్లీ చేయించుకోండి. మొదట టెస్టోస్టిరాన్ తక్కువ వచ్చినవాళ్లు ఆరు నెలలకి అదే ల్యాబులో, అదే వేళకి, పరగడుపున ఇంకోసారి ఇవ్వండి. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టి, నడుము కొలతలు రాసిన పుస్తకంతో సహా డాక్టరు ముందు పెట్టండి. నా పుస్తకంలో పదకొండో నెల దగ్గర 36 అని ఉంది. దాని పక్కన ఆ ఉదయం టెస్టోస్టిరాన్ 447 అని రాసి ఉంది.